గేటు లేని దవాఖాన

పోయిన చలికాలం హైదరాబాదులో భవన నిర్మాణం చదువుకునే పిల్లలు నన్ను తమ కాలేజీకి పిలిచారు. ముసలి ఇంజనీరు కదా, రెండు మాటలు చెప్పి శాలువా కప్పించుకొని పోతాడనుకున్నట్టున్నారు. ముందుగా కొత్తగా కట్టిన ఒక ఆఫీసు చూపించారు. తెల్ల గోడలు, పెద్ద అద్దాలు, ఎక్కడా ఒక గీత ఎక్కువ లేదు. "రూపంలో సరళత అంటే ఇదే కదా సార్" అన్నాడు ఒక అబ్బాయి. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ గోడ పక్కన కాపలా మనిషి తలమీద తువ్వాల కప్పుకొని ఎండలో నిలబడ్డాడు. ఇతనికి నీడ ఎక్కడ పెట్టారని అడిగాను. పిల్లలు ఆఫీసు నక్ష తెరిచి వెతికారు. నాకు కోపం ఆగలేదు, నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. శాలువా మాత్రం కప్పారు పాపం.

ఇంటికొచ్చాక మనసు కలుక్కుమంది. అరిచి వచ్చానే గానీ, వాళ్లకు చెప్పాల్సింది చెప్పలేదు. సరళంగా కట్టడం నాకూ చదువులో రాలేదు. దాన్ని నాకు నేర్పింది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న దవాఖాన. తర్వాత ఆత్మకూరులో బడులు కట్టాను, షాద్‌నగర్ దగ్గర గోదాములు కట్టాను, ఇంకా ఏవేవో కట్టాను. వాటి సంగతి, నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఆ దవాఖాన సంగతి మాత్రం ఈ పనిలోకి వచ్చే పిల్లలు వినాలి. దాన్ని ఈ మధ్యే పడగొట్టారు. కొత్తదానికి అద్దాలు పెట్టారట, గేటు కూడా పెట్టారట.

దిడ్డి దర్వాజ

మాది నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడు బాపుతో సంతకు పోయే దారిలో దొర గడి వచ్చేది. ఇప్పటి పిల్లలకు గడి అంటే పాడుబడ్డ కోట, ఫోటోలు దిగే జాగా. మాకు అది ఊరి దొర ఉండే ఇల్లు. గుర్రం మీద కూర్చున్నా లోపల కనపడనంత ఎత్తు గోడ. దానికి ఒకటే పెద్ద దర్వాజ. ఆ దర్వాజ దొర కోసమే తెరుచుకునేది. మిగతా జనమంతా దానిలోనే ఉన్న చిన్న దిడ్డి దర్వాజలో నుంచి, నడుము వంచి దూరాలి. గడి కనపడగానే బాపు చెప్పులు తీసి చేతిలో పట్టుకునేవాడు. గడి దాటాక మళ్లీ వేసుకునేవాడు. వాన పడితే గొడుగు తెరిచినంత మామూలుగా చేసేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఓవర్సీరు చదువు ముగించి నేను కొలువులో చేరేనాటికి పల్లెల్లో దొరలకు ఎదురుగా సంఘం లేచింది. వెట్టి చేసేది లేదని, గడి ముందు చెప్పులు విడిచేది లేదని జనం ఎదురు తిరుగుతున్నారు. రజాకార్లు వచ్చారు, ఊళ్లు తగలబడ్డాయి. ఆ తర్వాత పోలీసు చర్య జరిగింది. నిజాం సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది. దెబ్బతిన్న ఊళ్లల్లో బడులు, దవాఖానలు పెట్టమని మాకు హుకుం అందింది.

నా పై అధికారి మొహియుద్దీన్ సాబ్. పాత సర్కారులో జీవితమంతా వంపు తోరణాల కమాన్లు, మినార్లు గీసిన మనిషి. చేయి ఎంత నిదానమో నోరు అంత దురుసు. నన్ను పేరుపెట్టి పిలిచిన రోజు లేదు, ఎప్పుడూ "ఏమయ్యా కిసాన్" అనేవాడు. హాలియాకు అవతల ఒక ఊళ్లో దవాఖాన పెట్టమని ఆయన నన్ను పంపాడు. ఊరి పేరు రాయను, నేను చెప్పబోయే కుటుంబాల వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అప్పటికి అటువైపు కాలువ నీళ్లు లేవు. ఆముదం చేలు, గొర్ల మందలు, కాలిన ఏనుగుల్లాంటి గుట్టలు ఉండేవి.

ఆ ఊరి దొర సంఘం రోజుల్లోనే పట్నం పారిపోయాడు. గడి ఖాళీగా ఉంది. రాతి గోడలు, టేకు దూలాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కొత్తగా కట్టడం దేనికి, సున్నం వేసి మంచాలు వేస్తే అదే దవాఖాన అన్నారు పైవాళ్లు. కాగితం మీద చూస్తే అంతకన్నా తెలివైన పని లేదు. సున్నం వేయించాను, మంచాలు వేయించాను. బెజవాడ వైపు నుంచి కమలమ్మ అనే నర్సు వచ్చింది. పురుళ్లు పోయడంలో మంచి చేయి అని పేరు. రోజూ పొద్దున్నే తెల్లచీర కట్టుకొని హాల్లో కూర్చునేది. ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు.

ఒకనాడు మధ్యాహ్నం గడి ముందు ఎడ్లబండి ఆగింది. బండిలో సత్తెమ్మ అనే పిల్ల, తొలిచూలు, నొప్పులతో మెలికలు తిరుగుతోంది. పక్కన ఆమె తల్లి ఈదమ్మ. గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది. నేను ఎదురుపోయి లోపలికి తెమ్మన్నాను. ఈదమ్మ బండి దిగి దర్వాజకు అడ్డంగా నిలబడింది.

"నర్సమ్మను గీడికే రమ్మను కొడుకా. నా బిడ్డను లోపటికి తోల్క పోను."

కమలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎండలో, బండిలోనే, గుడ్డలు అడ్డం పట్టించి తన చేతనైనంతా చేసింది. సత్తెమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. కమలమ్మ చేతులు కడుక్కుంటూ నావైపు చూసి, "పదడుగులు లోపలికి తెస్తే దక్కేదండీ ఆ పసికందు" అంది.

చెప్పుల చప్పుడు

సంగతి తెలిసి మొహియుద్దీన్ సాబ్ తానే ఊరికి వచ్చాడు. మందలించడానికే వచ్చాడని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ఈదమ్మ ఇంటి ముందు మంచం వేస్తే కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"క్యా అమ్మా, దవాఖాన పెడితె లోపలికి రావాయె. గడి రాజ్యం పోయింది, దొర పోయిండు. ఇంక దేనికి భయం?"

"భయం గాదు సాబు" అంది ఈదమ్మ. "మా ఇంటాయనను గా దిడ్డి దర్వాజలకెళ్ళే గుంజుకపోయిన్రు. ఇగ వస్తడు, అగ వస్తడని బయట కూసున్న. లోపట ఏం జేస్తున్నరో ఒక్కటి కనవడలే. పొద్దుగూకెటాల్లకు శవాన్ని బయటేసిన్రు. గా దర్వాజల నా బిడ్డను ఎట్ల తోలాలె, నువ్వే చెప్పు."

"ఏం తప్పు చేసిండు?"

"చెప్పులు సప్పుడైనయి."

గొర్ల కాపరులు తొడిగే తోలు చెప్పుల్ని మా వైపు కిర్రు చెప్పులంటారు. ముళ్లలో, రాళ్లలో తిరగడానికి మందంగా కుట్టించుకుంటారు. నడిస్తే కిర్రుకిర్రుమని చప్పుడవుతుంది. చెప్పులు విడవాల్సిన పని లేదని సంఘం వాళ్లు చెప్పాక, ఆ ఊళ్లో గడి ముందు చెప్పులతో నడిచిన మొదటి మనిషి ఈదమ్మ భర్త మల్లయ్య. ఆ చప్పుడుకే దొర మనుషులు బయటికొచ్చారు. అంతకుముందు ఈదమ్మ కాళ్లు ఎన్నడూ చెప్పులెరగవు. మల్లయ్య పోయినప్పటి నుంచి ఆయన చెప్పులే తొడుక్కొని తిరుగుతోంది. ఆమె పాదాలకు అవి పెద్దవి. అయినా తొడుక్కునే ఉంది.

తిరుగు ప్రయాణంలో జీపు ఎక్కగానే సాబ్ తిట్లు అందుకుంటాడనుకున్నాను. ఆ రోజు తిట్లేమీ రాలేదు.

"పోలీసు చర్యప్పుడు తలుపు కొట్టి తీస్కపోయిన్రు, గప్పటి నుంచి మా తమ్ముడి జాడ లేదయ్యా" అన్నాడు. "ఇప్పుడు మా ఇంట్ల తలుపు చప్పుడైతె చాలు, మా బేగం చేతిలున్న గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుంటది. వచ్చింది పాలాయనే అని నేను చెప్తనే ఉంట. తలుపంటె ఏందో నాకు గీ వయసుల తెలిసింది. ఇన్నేండ్లు ఉట్టిగనే గీసిన."

జీపులో నా పక్కన ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటుంటే నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. మల్లయ్యను చంపించిన దొరది ఒక మతం, ఊళ్లు తగలబెట్టిన రజాకార్లది ఇంకొకటి, ఈయన తమ్ముణ్ణి మాయం చేసిన వాళ్లది మళ్లీ మొదటిదే. మూసిన తలుపు ముందు కూర్చున్న వాళ్ల దుఃఖం మాత్రం నాకు ఒకేలా కనిపించింది. ఆనాడు అలా అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను.

సాబ్ గీసిన గీతలు, తుడిచిన గీతలు

ఊరి బయట, రోడ్డు పక్కన కొత్త దవాఖాన కట్టడానికి సాబ్ పైవాళ్లతో కొట్లాడి ఒప్పించాడు. నక్ష మేమిద్దరం కలిసి గీశాం. ఆయన అలవాటు కొద్దీ ముందు ఎత్తు పునాది, దానికి మెట్లు, మెట్ల మీద కమాన్, చుట్టూ ప్రహరీ గీశాడు. నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది. నేను ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఏమయ్యా కిసాన్, మూతి అట్ల పెట్టినవేంది?"

"మా బాపు వస్తే గీ మెట్ల కాడ చెప్పులు చేత పడతడు సాబ్" అన్నాను.

ఆయన గుర్రుగా చూశాడు. తర్వాత రబ్బరు తీసుకొని ప్రహరీ తుడిచేశాడు. ప్రహరీ పోయాక గేటుకు పనిలేదు. మెట్లు తుడిచి నేలనే వాలుగా పైకి తెచ్చాం, ఎడ్లబండి నేరుగా వసారా దాకా వచ్చేటట్టు. కమాన్ దగ్గర ఆయన చేయి ఆగింది. "ఒక్కటి ఉండనీ" అన్నాడు చిన్నపిల్లవాడిలాగా. కాసేపటికి ఆయనే దాన్నీ తుడిచి, నన్ను తిట్టాడు.

చివరికి మిగిలింది ఒక పొడుగాటి వరస గదులు, ముందు ఒక వసారా. సిమెంటు, ఇనుము దొరకని రోజులు అవి. గోడలకు ఆ ఊరి గుట్ట రాయి, పైకప్పుకు రాతి దూలాల మీద బండలు పరిచాం. గడి రాళ్లు తెచ్చి వాడదామన్నాడు గుత్తేదారు. ఊరివాళ్లు ఒక్క రాయి కూడా ముట్టేది లేదన్నారు, మేమూ బలవంతపెట్టలేదు. తలుపులు మనిషి తలెత్తుకొని పోయేంత ఎత్తు, నలుగురు మోసే మంచం పట్టేంత వెడల్పు. నడిమి గదికి ముందూ వెనకా ఎదురెదురుగా తలుపులు పెట్టాం. రోడ్డు మీద నిలబడితే దవాఖానలో నుంచి అవతలి చేను కనపడేది. పురుటి గది ఒక్కటే పక్కకు చాటుగా ఉండేది. లోపల ఏం జరుగుతుందో కనపడలేదన్న ఈదమ్మ మాటకు మేము ఇచ్చుకోగలిగిన జవాబు అదే.

మేము దాన్ని సరళత అనుకోలేదు. ఆ మాటే మా నోట రాలేదు. ఎవరినో ఆపే గీత ఏదైనా ఉంటే తుడిచేస్తూ పోయాం, అంతే. అందుకే చెప్తున్నాను, అందం కోసం గీతలు తగ్గించడం ఎవరికైనా వస్తుంది. తగ్గించాక ఎవరికి దారి తెరుచుకుందో చూడటం కష్టం. ఈ కాలపు కట్టడాల మీద నాకున్న ఫిర్యాదు కూడా అంతే.

నర్సమ్మ మాట

దవాఖాన తెరిచిన వారంలోనే నాకు కబురు వచ్చింది, మళ్లీ ఎవరూ రావట్లేదని. పోయి చూస్తే కట్టడంలో ఏ తప్పూ లేదు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వసారా అంచున మాత్రం కమలమ్మ స్టూలు వేసుకొని కూర్చొని, వచ్చినవాళ్లతో చెప్పులు విడిపిస్తోంది. ఇద్దరు ముగ్గురు అది విని వెనక్కి తిరిగారు. మిగతా ఊరికి ఆ మాట చాలు.

ఈదమ్మ ఇంటికి పోయాను. సత్తెమ్మ మళ్లీ నిండు నెలలతో ఉంది. ముఖం పాలిపోయి ఉంది, కాళ్లు వాచాయి. ఈసారి ఇంట్లో పురుడు పోస్తే తల్లి కూడా దక్కదేమోనని కమలమ్మ అప్పటికే చెప్పి పంపింది. ఈదమ్మకు అది తెలుసు. తెలిసీ కదలడం లేదు.

"పెద్దమ్మా, గుడి కాడ చెప్పులు ఇడువవా నువ్వు?" అన్నాను.

"ఇడుస్త. దేవుడు కొట్టిండా మా ఇంటాయనను?" అంది. "నా ఇంట్ల గూడ ఇడుస్త. సర్కారోడు ఇడువమంటె మాత్రం ఇడువ కొడుకా. గట్ల ఇడుస్తె ఆయన ఉట్టిగనే సచ్చినట్టు గాదా?"

సత్తెమ్మ లోపలి నుంచి తల్లివైపు చూసింది. నిలువునా భయం ఆ చూపులో. తల్లిని కాదనలేదు, ప్రాణం మీద ఆశ వదులుకోలేదు.

కమలమ్మ దగ్గరికి పోయి ఆ నియమం తీసేయమని బతిమాలాను.

"నేనేం దొరసానినాండీ? పేడలోనూ, మట్టిలోనూ తిరిగిన చెప్పులతో పురుటి గదిలోకి వస్తే ధనుర్వాతం వస్తుంది. నా చేతుల్లో పోయిన పసిపిల్లల ముఖాలు నాకింకా కనబడుతూనే ఉంటాయి. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపం కోసం బిడ్డల్ని చంపుకోమంటారా చెప్పండి."

ఆమె మాటలోనూ తప్పు లేదు, ఈదమ్మ మాటలోనూ లేదు. ఒకరిని ఒప్పించడానికి ఇంకొకరిని ఓడించడం నాకు చేతకాలేదు. ఆ రోజంతా వసారా అంచున కూర్చొని నేలవైపు చూస్తూ ఉండిపోయాను. ఆ ఊళ్లో మనుషులు గడి ముందు చెప్పులు వేసుకోవడం కొత్తగా నేర్చుకున్నారని, శుభ్రం కోసం చెప్పే మాట కూడా వాళ్ల చెవిలో గడి మాటలాగే పడుతుందని బయటినుంచి వచ్చిన కమలమ్మకు తెలియదు. ఇటువైపే పుట్టి పెరిగిన నాకు తెలిసినా నక్ష గీసినప్పుడు తోచలేదు. కట్టడం పూర్తయ్యాక గానీ దాని అసలు పని మొదలు కాదని అప్పుడు తెలిసింది.

గుమ్మంలో నీళ్లు

మా ఇంట్లో వాకిట్లో గోళెం ఉండేది, నీళ్లు నిలవ చేసుకునే పెద్ద తొట్టి. చేను నుంచి వచ్చినవాళ్లు చెప్పులతోనే నిలబడితే మా అమ్మ ముంత ముంచి కాళ్లమీద పోసేది. బాపు వచ్చినా, జీతగాడు వచ్చినా, పెద్ద రైతు వచ్చినా అదే మర్యాద. చెప్పులూ కాళ్లూ కలిపి తడిపేది. అది గుర్తుకు రాగానే లేచి నిలబడ్డాను.

వసారా పొడుగునా, లోపలికి పోవాల్సిన ప్రతి మనిషీ దాటాల్సిన చోట, నేలలో ఒక బెత్తెడు లోతు కాలువ తొలిపించాను. దూకి దాటలేనంత వెడల్పు. రెండువైపులా వాలు, జారకుండా బండను ఉలితో గరుకు చేయించాను. ఒక పక్క నుంచి నీళ్లు పోస్తే ఇంకో పక్క నుంచి తోటలోకి పోతాయి. కమలమ్మ ఆ నీళ్లలో మందు కలుపుతానంది. "అవునండీ, దుమ్ము పట్టిన వట్టికాళ్ల కన్నా కడిగిన చెప్పులు నయమే. పురుటి గది గడప దగ్గర మాత్రం నేను చూసుకుంటాను" అని ఒప్పుకుంది.

మొహియుద్దీన్ సాబ్ తనిఖీకి వచ్చి దాన్ని చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏ దవాఖాన నక్షల ఉన్నదయ్యా గీ కాలువ?"

"ఎక్కడా లేదు సాబ్."

"మరి నేను దీన్ని చూడలేదు" అన్నాడు. అని, తన నల్లబూట్లతో నేరుగా ఆ నీళ్లలో దిగి లోపలికి నడిచాడు. తడి బూట్లు చప్పుడు చేస్తుంటే వెనక్కి తిరిగి, "పైజామా తడిపినవ్ గదా కిసాన్" అని తిట్టాడు. ఆ తిట్టు నాకు దక్కిన అన్ని సన్మానాల కన్నా ఎక్కువ.

సాబ్ బూట్లతో నీళ్లలో దిగాడన్న మాట ఆ పూటకే ఊరంతా పాకింది. సత్తెమ్మకు నొప్పులు వచ్చిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. బండి వాలు మీదుగా వసారా దాకా వచ్చింది. కమలమ్మ లోపలి నుంచి చెప్పులతోనే నీళ్లు దాటి ఎదురొచ్చి సత్తెమ్మ రెక్క పట్టుకుంది. ఇద్దరూ ఆ నీళ్లలో అడుగేసి లోపలికి పోయారు.

ఈదమ్మ కాలువ అంచున నిలబడింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. తలుపుల్లో నుంచి అవతలి ఆముదం చేను కనపడుతోంది. ఆమె మల్లయ్య చెప్పులతో నీళ్లలో దిగి, లోపలి ఒడ్డు ఎక్కింది. తడిసిన తోలు రాతి నేల మీద కిర్రుమంది. అంత చిన్న కట్టడంలో ఆ చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినపడింది. ఆమె కూర్చోలేదు. నొప్పులు సాగినంతసేపూ వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కిర్రు, కిర్రు. గోడకానుకొని నేను వింటూ ఉన్నాను.

ఎండ వసారా దాటి గదిలోకి పాకేవేళకు లోపల బిడ్డ ఏడ్చింది. గట్టి గొంతు. కమలమ్మ తలుపు తీసి, "ఆడపిల్లండీ, ఇద్దరూ క్షేమం" అంది. ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

చెప్పుల చప్పుడు పురుటి గది గడప దాకా వచ్చి ఆగింది. చూస్తే ఈదమ్మ వంగి చెప్పులు విడుస్తోంది. రెండింటినీ గోడవారగా, జతగా పెట్టింది. కమలమ్మ కంగారుపడి, "నేనేమీ అనలేదమ్మా" అంది.

"నువ్వేం అంటవమ్మా" అంది ఈదమ్మ. "నా మనుమరాలి కాడికి పోతున్న గదా."

అని, వట్టికాళ్లతో లోపలికి పోయింది.